వాహనాల రొద లేని బాటలు: నల్లమల అంచున సైకిల్ దారులు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరే 40వ నంబరు జాతీయ రహదారిపై సైకిల్ తొక్కడం నేడు సాహసమే. నాలుగు వరుసలుగా విస్తరించిన ఈ మార్గంలో లారీలు, బస్సుల వేగం ముందు సైకిలుకు మిగిలేది తెల్లగీత పక్కనున్న అంచు మాత్రమే. అయితే ఇదే రహదారికి అటూ ఇటూ, కొన్నిచోట్ల కూతవేటు దూరంలోనే, మోటారు వాహనాల రొద వినిపించని గరుసు బాటలు మైళ్ల కొద్దీ ఉన్నాయి. తూర్పున నల్లమల కొండల వరుస, నడుమ కుందూ లోయ, దక్షిణాన పెన్న ఒడ్డు వీటికి నెలవు.

ఈ బాటలు మూడు రకాలు. మొదటివి కాలువ గట్లు. రెండోవి అడవి లోపలి కాలిబాటలు. మూడోది రైళ్లు విడిచిపోయిన పాత కట్ట. మూడూ ప్రశాంతమైనవే. కానీ మూడింటి నిబంధనలు వేరు. ఏ బాటలో స్వేచ్ఛగా వెళ్లవచ్చు, ఎక్కడ అనుమతి కావాలి, ఎక్కడికి వెళ్లరాదు అన్నది తెలియకుండా సైకిల్ తీస్తే చిక్కులు తప్పవు. అడవి విషయంలో అది ప్రాణాపాయం కూడా కాగలదు.

కేసీ కాలువ గట్టు

కర్నూలు–కడప కాలువ తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలవుతుంది. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863–1870 మధ్య దీనిని తవ్వించింది. సాగునీటితో పాటు సరకుల పడవలు నడపాలన్నది కంపెనీ ఉద్దేశం. అందుకే కాలువపై లాకులు కట్టారు. ఆశించిన లాభం రాకపోవడంతో 1882లో ప్రభుత్వం కాలువను తీసుకుంది. పడవల రాకపోకలు క్రమంగా నిలిచిపోయాయి. సాగునీరు మాత్రం నేటికీ పారుతోంది.

సుమారు 306 కిలోమీటర్ల ఈ కాలువ కర్నూలు నగరంలో హంద్రీ నదిని వంతెన మీదుగా దాటుతుంది. అక్కడి నుంచి నందికొట్కూరు ప్రాంతం మీదుగా కుందూ లోయలోకి దిగుతుంది. కుందూపై రాజోలి ఆనకట్ట, పెన్నపై ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట ఈ వ్యవస్థలోనివే. అంటే కాలువను అనుసరించిన సైకిలిస్టు తుంగభద్ర నుంచి పెన్న దాకా నాలుగు నదులను చూస్తాడు. నీటిని పల్లానికి నడపడమే కాలువ పని కనుక గట్టుపై కఠినమైన ఎక్కుడు ఉండదు. పాఠశాల విద్యార్థి మొదలు అరవై దాటినవారి వరకు అందరికీ అనువైన దారి ఇదే.

గట్టు అంతటా ఒకే తీరున ఉండదు. కొన్నిచోట్ల రెండు వైపులా బాట ఉంటే, మరికొన్నిచోట్ల ఒక్క వైపే ఉంటుంది. ఊళ్ల సమీపంలో తారు కనిపిస్తుంది. మనుషుల రాకపోకలు తగ్గిన చోట కంప పెరిగి బాటను మూసేస్తుంది. ఇది నీటిపారుదల సిబ్బంది తనిఖీకి వేసిన బాటే తప్ప ప్రజా రహదారి కాదు. రైతులు, పశువుల కాపరులు వాడుకుంటున్నట్లే సైకిలిస్టులూ వాడుకోవచ్చు గానీ తూముల వద్ద గొలుసు కట్టినా, గేటు వేసినా దాటి వెళ్లరాదు.

కొండ పాదాన తెలుగుగంగ

కొండలు, అడవి, నీరు మూడూ ఒకేచోట చూడాలనుకునే వారికి తెలుగుగంగ గట్టు తగినది. మద్రాసు నగర దాహం తీర్చేందుకు 1983లో శ్రీకారం చుట్టుకున్న ఈ పథకంలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా జలాలు ఇవ్వడానికి ఒప్పుకొన్నాయి. శ్రీశైలం జలాశయం నీరు పోతిరెడ్డిపాడు, బానకచర్ల మీదుగా వెలుగోడు జలాశయానికి చేరుతుంది. అక్కడి నుంచి కాలువ నల్లమల పాదాల వెంట దక్షిణంగా సాగి కడప జిల్లాలోని బ్రహ్మంసాగర్‌కు, ఆ తరువాత సోమశిలకు నీరందిస్తుంది. వెలుగోడు నిల్వ సామర్థ్యం 16.95 టీఎంసీలు.

ఈ గట్టుపై దక్షిణంగా వెళ్లే వారికి ఎడమ చేతి వైపు నల్లమల, కుడి చేతి వైపు వరి మడులు, అరటి తోటలు కనిపిస్తాయి. మహానంది, అహోబిలం వంటి క్షేత్రాలు కొండ అంచునే ఉండడంతో మజిలీకి, భోజనానికి ఇబ్బంది ఉండదు. నంద్యాల నుంచి మహానంది దగ్గరే కనుక ఒక పూటలో వెళ్లి రావచ్చు.

అయితే అడవి అంచు అంటే అడవి జంతువుల తావు కూడా. మహానంది పరిసరాల్లో 2024లో చిరుత సంచారం స్థానికులను వారాల తరబడి కలవరపెట్టింది. అదే ఏడాది జూన్‌లో నంద్యాల–గిద్దలూరు మార్గంలోని పచ్చర్ల వద్ద చిరుత దాడిలో ఒక మహిళ మరణించింది. తెల్లవారక ముందు, పొద్దు గూకిన తరువాత ఈ గట్టుపై ఒంటరిగా తిరగరాదు.

అడవి లోపలి దారి

ఆత్మకూరు వద్ద వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే దారి శ్రీశైల యాత్రికుల పురాతన మార్గం. మహాశివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు, ముఖ్యంగా కన్నడ దేశం నుంచి వచ్చేవారు, ఈ దారిన నడుస్తారు. నాగలూటి వీరభద్రాలయం, రాతి మెట్లు ఈ మార్గం ప్రాచీనతకు సాక్ష్యాలు. పెచ్చెర్వు, నాగలూటి, బైర్లూటి చెంచు గూడేల వారికి ఇది నిత్యం తిరిగే బాట.

చూడగానే సైకిలుకు సరిపోయే బాట అనిపించినా ఇక్కడ సొంత నిర్ణయం చెల్లదు. ఈ ప్రాంతం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. పండుగ దినాల్లో ఇచ్చే వెసులుబాటు కాలినడక భక్తులకు మాత్రమే. దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలనే నిలిపివేస్తారంటే అక్కడి మృగాలకు ఆ విశ్రాంతి ఎంత అవసరమో గ్రహించవచ్చు. అడవి చూడాలనుకునే వారికి బైర్లూటిలో అటవీ శాఖ పర్యావరణ పర్యాటక కేంద్రం ఉంది. అక్కడి శాఖ వాహనాల్లో లోపలికి వెళ్లడమే సరైన పద్ధతి.

రైలు విడిచిన కట్ట

నల్లమలను చీల్చుకుంటూ గాజులపల్లె–దిగువమెట్ట మధ్య 1880వ దశకంలో మీటరుగేజీ రైలుమార్గం వేశారు. లోయపై ఎత్తుగా నిలిపిన దొరబావి వంతెన ఆ మార్గానికే తలమానికం. 1990వ దశకంలో బ్రాడ్‌గేజీగా మార్చినప్పుడు కొత్త దారి ఎంచుకోవడంతో పాత కట్టలో కొంత భాగం అడవికే మిగిలిపోయింది.

ఇలాంటి కట్టలను సైకిల్ బాటలుగా మార్చిన దేశాలు ఉన్నాయి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 1965లో వాడుకలో లేని రైలుమార్గాన్ని కొని ఎల్రాయ్–స్పార్టా బాటగా తీర్చిదిద్దింది. సుమారు 51 కిలోమీటర్ల ఆ బాటలో మూడు సొరంగాలు ఉన్నాయి. దానిపై పరిచింది నలగ్గొట్టిన సున్నపురాయి పొడి. రైలుకట్టకు ఏటవాలు తక్కువ కనుక కొండల్లోనూ సైకిల్ సులువుగా సాగుతుంది. అయితే అక్కడ పొలాలు, పల్లెల నడుమ సాగే బాటకు, ఇక్కడ చిరుతలు, పులులు తిరిగే అడవికి పోలిక లేదు. నల్లమల కట్టపై అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. ఆ లోయ అందాలు చూడదలిస్తే నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్లే రైలులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు.

కలివికోడి చెప్పే పాఠం

వాహనాలు తిరగని నేల ఖాళీ నేల కాదనడానికి కడప జిల్లాలోని లంకమల ఉదాహరణ. 1900 తరువాత జాడలేక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం సమీపంలో మళ్లీ కనిపించింది. ముళ్లపొదల నడుమ ఖాళీలుండే చిట్టడవే దాని ఆవాసం. రాత్రివేళ తిరిగే పక్షి కావడంతో పరిశోధకులు నేలపై మట్టి పట్టీలు పరచి, వాటిపై పడిన అడుగుల గుర్తులతో దాని ఉనికిని నిర్ధారించేవారు. 2005లో తెలుగుగంగ కాలువ పనుల కోసం యంత్రాలు ఈ చిట్టడవిలో కొంత భాగాన్ని చదును చేయడం వివాదమైంది. చివరకు కాలువ దారినే మార్చారు. కొత్త బాట వేయాలన్నా, పొదలు నరికి దారి తీయాలన్నా ముందుగా ఆలోచించవలసింది ఇదే. లంకమలేశ్వర అభయారణ్యంలోకి సైకిళ్లు తీసుకెళ్లకుండా పెన్న ఒడ్డున సిద్ధవటం కోట వరకు రహదారిపై వెళ్లి రావడం మేలు.

అనువైన కాలం, జాగ్రత్తలు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సైకిల్ ప్రయాణానికి అనుకూలం. మార్చి దాటితే గట్లపై నీడ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వాన కురిసిన మర్నాడు కుందూ లోయ వైపు వెళ్లరాదు. నల్లరేగడి చక్రాలకు ముద్దలా అంటుకుని సైకిలును కదలనివ్వదు. కొండ అంచున గరుసు నేల మాత్రం త్వరగా ఆరిపోతుంది.

సన్నని చక్రాల సైకిలు ఈ బాటలకు పనికిరాదు. వెడల్పు టైర్లు ఉండాలి. పల్లేరు కాయలు, కంప ముళ్ల వల్ల పంక్చర్లు తప్పవు కనుక గాలిపంపు, అదనపు ట్యూబు, అతుకు సామగ్రి వెంట ఉంచుకోవాలి. తాగునీరు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాలువ. కాంక్రీటు పూత వేసిన చోట గట్టు లోపలి వాలు నున్నగా ఉంటుంది. జారిపడితే ఈతగాడికి సైతం పైకి రావడం కష్టం. పిల్లలను నీటి వైపు కాక పొలం వైపు అంచున నడిపించాలి. నీరు నిండుగా పారే రోజుల్లో కాలువలోకి దిగరాదు. బయలుదేరే ముందు గట్టు స్థితి గురించి దగ్గరి ఊరివారిని అడగాలి. ఏ దారిన వెళ్తున్నదీ, ఏ వేళకు తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి.