దోర్నాల దారి – శ్రీశైలం

మన చరిత్ర రచనలలో రాజుల యుద్ధాలకు దొరికిన చోటు బాటలకు దొరకలేదు. అందుచేత నేడు ఒక చిన్న బాటను గూర్చి ముచ్చటిస్తాను. అది దోర్నాల నుండి శ్రీశైలం వెళ్లే దారి. నిడివి సుమారు 50 కిలోమీటర్లు. చిరకాలం రాష్ట్ర రహదారిగా ఉన్న ఈ బాట, నేడు హైదరాబాదు నుండి శ్రీశైలం మీదుగా తోకపల్లి చేరే 765వ జాతీయ రహదారిలో అంతర్భాగం.

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెప్పారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తూర్పు నుండి వచ్చే యాత్రికులకు దోర్నాలే అడవి గడప. రైలులో మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగినవారు నేటికీ ఈ దారినే కొండెక్కుతారు. చిన్నారుట్ల, తుమ్మలబైలు దాటి శిఖరేశ్వరం చేరాక హాటకేశ్వరం, సాక్షిగణపతి వరుసగా ఎదురవుతాయి. శిఖరం వద్ద నువ్వులు చల్లి, నంది కొమ్ముల నడుమ నుండి ఆలయ శిఖరాన్ని వెదకడం మన ఆచారం. అది కనబడితే పునర్జన్మ లేదని విశ్వాసం.

మోటారు బండి రాకముందు శ్రీశైలయాత్ర అంటే కాలినడకే. శివరాత్రికి కొండకు పోయే భక్తుల పాట్లను పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణం నిండా వర్ణించాడు. ఆ పాట్లు చూచి కరగినవాడు అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. 14వ శతాబ్దిలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన కీర్తి ఆయనది. ఎఱ్ఱాప్రగడ హరివంశాన్ని అంకితమందుకొన్నదీ ఆయనే. 1677లో ఛత్రపతి శివాజీ ఈ క్షేత్రాన్ని దర్శించాడు. ఆత్మకూరు వైపున నాగలూటి మీదుగా సాగే పాత కాలిబాటన కన్నడదేశపు భక్తులు ఉగాదికి ఇప్పటికీ నడచివస్తారు.

1963లో నెహ్రూ శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. అటుపైన కొండకు మనుషుల రాకపోకలూ బరువుబండ్ల రద్దీ పెరిగాయి. రోజులు పట్టే యాత్ర గంటలకు కుదించుకుపోయింది. ముసలివారూ రోగులూ స్వామిని చూడగలిగారు. ఇది కాదనరాని మేలు.

అయితే ఈ అడవికి మనకంటె ముందటి హక్కుదారులున్నారు. మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా, చెంచు మల్లయ్యగా కొలిచే చెంచుల గూడేలు ఈ అడవిలోనే ఉన్నాయి. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం ప్రాంతం పులుల అభయారణ్యమైంది. దానినానుకొని వచ్చిన కట్టుబాటుతో రాత్రివేళ ఈ దారిలో వాహనాలను ఆపుతారు. తనిఖీ ద్వారం వద్ద తెల్లవారుదాకా కాచుకోవలసి వచ్చినవారు విసుక్కోవడం నేను విన్నాను. ఒకప్పుడు నేనూ విసుక్కున్నవాడినే.

ఇప్పుడు నా అభిప్రాయం మారింది. పూర్వపు యాత్రికుడు చీకటి పడితే నడక ఆపి, అడవిని అడవికి వదలి నిద్రించేవాడు. కాలినడకకు సహజంగా ఉండిన ఆ నియమాన్ని నేడు ఒక అడ్డుకర్ర నిలబెడుతున్నది. దారి పొడుగునా కోతులకు తినుబండారాలు విసరి, ప్లాస్టిక్ సంచులు పారవేసి పోయే మనకు ఆ మాత్రం అదుపు అవసరమే. మెట్లు కట్టించిన వేమారెడ్డి యాత్రికుల పాదాలను తలచుకున్నాడు. రహదారిని వెడల్పు చేయదలచినవారు పులి పాదాలను కూడ తలచుకోవాలని నా విన్నపం.

మీలో ఎవరి పెద్దలైనా ఈ కొండకు నడచి వెళ్లివుంటే, వారి జ్ఞాపకాలను అడిగి వ్రాసిపెట్టండి. శాసనాలకెక్కని చరిత్ర అదే.