వెలిసిన ఎరుపుకు పెట్టిన పేర్లు

2019లో గిబ్సన్ కంపెనీ తన లెస్ పాల్ స్టాండర్డ్ ఎలక్ట్రిక్ గిటార్‌ను అరవైల తరహా అంటూ కొత్తగా విడుదల చేసినప్పుడు మూడు రంగుల్లో ఇచ్చింది. ఐస్డ్ టీ, బర్బన్ బర్స్ట్, అన్‌బర్స్ట్. అసలైన అరవైల మొదట్లో ఈ గిటార్ కొనబోయినవాడికి వీటిలో ఒక్క పేరూ వినబడి ఉండదు. అప్పట్లో ఆ మోడల్‌కు కంపెనీ వేసిన రంగు చెర్రీ సన్‌బర్స్ట్: మధ్యలో పసుపు, అంచులకు పోయేకొద్దీ ఎరుపు. ఆ ఎరుపు కొన్నేళ్లకు వెలిసి గోధుమరంగుకు దిగితే ఐస్డ్ టీ అన్నారు, పూర్తిగా పోయి పసుపే మిగిలితే అన్‌బర్స్ట్ అన్నారు. అంటే ఇప్పుడు ఫ్యాక్టరీలో కొత్తగా కొట్టే రంగు పేరు, ఒకప్పటి రంగుకు జరిగిన నష్టం పేరు. గిటార్ ఫినిష్‌ల పేర్లను మనం పెయింటు డబ్బా మీది చీటీల్లా చదువుతాం. వాటి పుట్టుక వెతుక్కుంటూ పోతే చాలా పేర్లు పాతబడటాన్నో, చెడిపోవడాన్నో, అనుకోకుండా జరిగినదాన్నో చెప్పేవిగా తేలతాయి. వాటిని ముందు గుర్తించిందీ, వాటికి విలువ కట్టిందీ కొన్నవాళ్లు. తయారుచేసినవాళ్లు ఆ తర్వాత అవే పేర్లను కేటలాగులోకి ఎక్కించుకున్నారు.

ఈ అలవాటు ఎలక్ట్రిక్ గిటార్ కన్నా పాతది. మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూలో 1902లో మొదలైన గిబ్సన్ కంపెనీ, 1922 ప్రాంతంలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో ఎఫ్-5 మాండొలిన్‌నూ, ఎల్-5 గిటార్‌నూ తెచ్చింది. వాటికి వేసిన గోధుమరంగు సన్‌బర్స్ట్‌కు పెట్టిన పేరు క్రెమోనా బ్రౌన్. క్రెమోనా అంటే ఇటలీలో స్ట్రాడివారి వయొలిన్లు చేసిన ఊరు. పాత వయొలిన్‌కు చేతులు తగిలే చోట, గుడ్డతో తుడిచే చోట వార్నిష్ అరిగి లేత రంగు తేలుతుంది, మూలల్లో అంచుల్లో నల్లబడి నిలుస్తుంది. ఆ అరుగుదలను కొత్త వాయిద్యం మీద మొదటిరోజే రంగుతో దించడమే సన్‌బర్స్ట్ చేసిన పని. కాలమజూలో నిన్న మొన్న తయారైన మాండొలిన్‌కు క్రెమోనా పేరు పెట్టడంలో కాస్త గడుసుతనం ఉంది, కానీ పేరు కుదిరింది. చారల మేపుల్ చెక్క కూడా వయొలిన్ నుంచి వచ్చిందే. అయితే వయొలిన్‌లో గానీ, ఎల్-5లో గానీ అది వీపుకూ పక్కలకూ మెడకూ పరిమితం. ముందు పలక నాదం పలికించాలి కనుక అక్కడ స్ప్రూస్ వాడతారు, దానికి ఆ చారలు ఉండవు. మేపుల్ చారలు వీపు నుంచి ముందుకు రావాలంటే, ముందు పలక నాదం పలికించనక్కర్లేని వాయిద్యం ఒకటి పుట్టాలి.

అదే గుల్ల లేని ఎలక్ట్రిక్ గిటార్. తీగల కదలికను అయస్కాంతపు పికప్‌లు అందుకుంటాయి కాబట్టి శరీరం గట్టి దిమ్మె అయినా సరిపోతుంది. 1952లో వచ్చిన మొదటి లెస్ పాల్ మహాగని దిమ్మె మీద మేపుల్ పలక అతికించినదే. కానీ ఆ మేపుల్‌ను ఎవరూ చూడలేదు. కంచు పొడి కలిపిన బంగారు రంగు లాకర్ పూత దాన్ని కప్పేసింది. గోల్డ్‌టాప్ అన్న పేరు అక్కడిది. కింద ఏ ముక్కలు ఉన్నా పైకి తెలియదు కనుక మూడేసి ముక్కలు అతికినవీ, అతుకు ఒక పక్కకు జరిగినవీ, రెండు సగాలకు పొంతన లేనివీ వాటిలో ఉన్నాయి. ఆ పూతకు ఒక గుణం ఉంది. ముంజేయి ఆనేచోట పైపూత అరిగి చెమట తగిలితే కంచులోని రాగి పచ్చబడుతుంది. వాయించి వాయించి పచ్చబడ్డ గోల్డ్‌టాప్‌ను ఇవాళ సేకర్తలు మురిసిపోతూ చూపించుకుంటారు. కొత్తలో అది దుకాణానికి వచ్చిన ఫిర్యాదు అయ్యుండేది.

గోల్డ్‌టాప్ అమ్మకాలు తగ్గడంతో 1958లో గిబ్సన్ బంగారు పూత తీసేసి చెర్రీ సన్‌బర్స్ట్ వేసింది. చెక్క ఇప్పుడు బయటపడింది. ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు: పారదర్శకమైన రంగు వేశారంటే చారల చెక్కను చూపించాలనే కదా, అనుకోకుండా జరిగిందని ఎలా అంటారు? సగం నిజం. చెక్క కనబడుతుందని తెలుసు కాబట్టే ఒకే పలకను మందంలో రెండుగా చీల్చి, పుస్తకంలా విప్పి, అతుకు సరిగ్గా మధ్యకు వచ్చేలా పెట్టారు. ఈ బుక్‌మ్యాచింగ్ బుద్ధిపూర్వకంగా చేసిందే. చారలు మాత్రం కాదు. 1958 నుంచి 1960 దాకా వచ్చిన గిటార్లను పక్కపక్కన పెడితే, పులిచర్మంలా చారలు నిండినవీ, ఒక మూల మాత్రమే అలలు తేలినవీ, ఏ చారా లేని బోడి పలకలూ ఒకే మోడల్ పేరుతో, ఒకే ధరకు వెళ్లాయి. చారలకు అదనంగా డబ్బు పుచ్చుకోలేదు, చారలు లేవని తగ్గించనూ లేదు. ధర పట్టీలో చోటు దొరకని గుణాన్ని కంపెనీ అమ్ముతోందని చెప్పడం కష్టం. దుంగ ఎలా వస్తే పలక అలా వచ్చింది.

ఆ చారల సంగతేమిటో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే పేర్ల గందరగోళంలో సగం ఇక్కడే ఉంది. మామూలు మేపుల్‌లో నారలు తిన్నగా పైకి సాగుతాయి, కొన్ని చెట్లలో అలలుగా మెలికలు తిరుగుతాయి. అలాంటి దుంగను కోస్తే అదే నార ఒకచోట ఉపరితలం మీద పడుకుని, పక్కనే తెగిన మొనగా పైకి తేలుతుంది. పడుకున్న నార వెలుతురును తిప్పికొడుతుంది, తెగిన మొన మింగేస్తుంది. అందుకే ఒక చార లేతగా, ఒకటి ముదురుగా కనిపిస్తుంది. గిటార్‌ను కాస్త వంచితే వెలుతురు కోణం మారి ముదురు చార లేతదవుతుంది, లేతది ముదురవుతుంది, డబుల్ షేడ్ పట్టుచీర కుచ్చిళ్లు కదిలినట్టు. బుక్‌మ్యాచ్ చేసిన రెండు సగాల్లో నార ఎదురెదురు దిశల్లో వాలుతుంది కనుక ఎడమ సగంలో మెరిసే చారకు జోడైన కుడి చార అదే క్షణంలో మసకగా ఉంటుంది. ఫ్లేమ్, కర్లీ, టైగర్, ఫిడిల్‌బ్యాక్ అని నాలుగు పేర్లతో పిలిచేది దాదాపుగా ఈ ఒక్కదాన్నే. క్విల్ట్ వేరు. అది ఎక్కువగా అమెరికా పడమటి తీరంలో పెరిగే పెద్దాకు మేపుల్‌లో, దుంగను వయసు వలయాల వెంబడి పలకగా కోసినప్పుడు నీటి బుడగల్లా ఉబ్బి కనిపిస్తుంది. బర్డ్స్ ఐ అంటే చిన్న చిన్న కళ్లలాంటి చుక్కలు. ఈ పేర్లన్నీ కంటికి కనబడేదాన్ని చెబుతాయి. చెక్క గట్టిదనం గురించి గానీ, బరువు గురించి గానీ, శబ్దం గురించి గానీ ఒక్క ముక్క చెప్పవు.

ఇక ఎరుపు సంగతి. గిబ్సన్ వాడిన ఎర్రటి అనిలిన్ రంగు ఎండకు, ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలకు, తట్టుకునేది కాదు. దుకాణం కిటికీలో వేలాడినది కొన్నాళ్లకే వెలిసింది. పెట్టెలో, మంచం కింద ఉన్నది ఎర్రగానే మిగిలింది. వెలిసినదాని ప్లాస్టిక్ భాగాలు విప్పితే, వెలుతురు తగలని ఆ కాస్త మేరా మొదటినాటి ఎరుపు అలాగే దొరుకుతుంది. ఒక్కో గిటార్ ఒక్కో ఇంట్లో ఒక్కోలా వెలిసింది కాబట్టి ఒక పేరుతో పుట్టినవాటికి పది పేర్లు వచ్చాయి: లెమన్ డ్రాప్, హనీ బర్స్ట్, టొబాకో, ఐస్డ్ టీ. 1960లో గిబ్సన్ వెలవని ఎరుపుకు మారింది. సాంకేతికంగా అది దిద్దుబాటు. సేకర్తలు దానికి పెట్టిన ముద్దుపేరు టొమాటో సూప్, అందులో మెచ్చుకోలు తక్కువే. లోపాన్ని దిద్దితే పెదవి విరిచి, లోపానికి ముచ్చటైన పేర్లు పెట్టారంటే, ఆ పేర్లు ఎవరి వైపు నుంచి వచ్చాయో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఈ మోజు వెంటనే రాలేదు. ఈ సన్‌బర్స్ట్‌లు పదిహేను వందలకు అటూ ఇటూగా తయారయ్యాయని అంచనా. గిరాకీ లేక 1961 నాటికి లెస్ పాల్ ఆకారాన్నే మార్చేశారు. 1966లో జాన్ మేయాల్ బ్లూస్ బ్రేకర్స్ రికార్డులో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ లెస్ పాల్‌తో వాయించిన ధ్వని విన్నాక బ్రిటన్‌లో కుర్రకారు పాత లెస్ పాల్‌ల కోసం వెతకడం మొదలైంది, అమెరికాలో గిటారిస్టు మైక్ బ్లూమ్‌ఫీల్డ్ వాయించడం అలాంటి వెతుకులాటే రేపింది. 1968లో గిబ్సన్ పాత ఆకారాన్ని మళ్లీ తెచ్చింది, కానీ గోల్డ్‌టాప్‌గానూ నల్లటి లెస్ పాల్ కస్టమ్ మోడల్‌గానూ మాత్రమే. కొనేవాళ్ల కళ్లు వెలిసిన సన్‌బర్స్ట్ మీద ఉన్నాయని కంపెనీకి ఇంకా తోచలేదు. డెబ్బైల నడుమ మెంఫిస్‌లోని స్ట్రింగ్స్ అండ్ థింగ్స్ అనే దుకాణం పాతవాటిలాంటి సన్‌బర్స్ట్‌లు చేసిపెట్టమని ప్రత్యేకంగా ఆర్డరిచ్చింది. కంపెనీ తనంతట తాను హెరిటేజ్ సిరీస్ పేరుతో చారల పలకలను అమ్మకానికి పెట్టింది 1980లో. దుకాణం ముందు నడిచింది, ఫ్యాక్టరీ వెనక నడిచింది.

మరో గిటార్ కంపెనీ ఫెండర్ కథ ఈ వాదనకు అడ్డం వచ్చేలా కనిపిస్తుంది. అక్కడి పేర్లు నిజంగానే పెయింటు డబ్బా పేర్లు. ఫెండర్ కస్టమ్ రంగులు డూపాంట్ కంపెనీ కార్ల కోసం చేసిన డూకో, లూసైట్ లాకర్లు. ఫియెస్టా రెడ్ 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్‌ది, సర్ఫ్ గ్రీన్ షెవ్రొలేది, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది. ధర మీద అయిదు శాతం అదనం కడితే ఆ రంగు వేసేవారు. ఇందులో వయసూ లేదు, యాదృచ్ఛికమూ లేదు. కానీ ఆ రంగుల మీద వేసిన నైట్రోసెల్యులోజ్ పారదర్శక పూత ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారింది. ఒలింపిక్ వైట్ మీగడ రంగుకు దిగింది, సోనిక్ బ్లూ ఆకుపచ్చ వైపు జారింది. ఇవాళ అదే సంస్థ ఏజ్డ్ ఒలింపిక్ వైట్ అనీ, ఫేడెడ్ సోనిక్ బ్లూ అనీ, వింటేజ్ వైట్ అనీ కొత్త గిటార్లకు వేస్తోంది. 1995 నుంచి రెలిక్ పేరుతో గీతలూ, పెచ్చులూడిన మరకలూ కూడా ఫ్యాక్టరీలోనే చేసి ఇస్తోంది. మొదలు వేరైనా చేరిన చోటు గిబ్సన్ చేరినదే.

చారలను మొదటినుంచీ సరుకుగా చూసినది గిటార్ల తయారీదారు పాల్ రీడ్ స్మిత్. 1985లో మేరీల్యాండ్‌లోని అన్నాపొలిస్‌లో మొదలైన ఆయన సంస్థ, సన్‌బర్స్ట్‌ల కాలంలో గిబ్సన్‌ను నడిపిన టెడ్ మెకార్టీని తర్వాత సలహాదారుగా పెట్టుకుంది, 1994లో ఆయన పేరున మోడల్ తెచ్చింది. ఇక్కడ రంగు చెక్కను కప్పదు, చెక్కలోకి ఇంకుతుంది. ముదురు రంగు పట్టించి ఆరాక గరుకు కాగితంతో రుద్దితే, పడుకున్న నార మీది రంగు పోతుంది, తెగిన మొనల్లో ఇంకినది మిగులుతుంది, ఆ పైన అసలు రంగు పూస్తారు. వేల్ బ్లూ లాంటి రంగు బోడి పలక మీద ఉత్త నీలమే, చారల పలక మీదే దానికి ఆ లోతు. మేలైన పలకకు టెన్ టాప్ అని అదనపు ధర పెట్టారు. మిగతావాళ్లు డబుల్ ఎ, ట్రిపుల్ ఎ, ఐదు ఎలు అంటూ మెట్లు కట్టారు. ఈ ఎ అక్షరాలను కొలిచే ఉమ్మడి సంస్థ ఏదీ లేదు. ఒక మిల్లు ట్రిపుల్ అన్నది మరో మిల్లుకు డబుల్ కావచ్చు. మధ్యరకం ధరల్లో దొరికేవాటిపై చాలాసార్లు ఆ చారలు కాగితమంత పలచని వెనీర్‌వి. తొంభైలలో జపాన్ ఫెండర్‌లు కొన్నిటిపై ఫోటో ఫ్లేమ్ పేరుతో అచ్చువేసిన బొమ్మే ఉండేది. అందులో మోసం ఏమీ లేదు, పేరులోనే ఫోటో అని ఉంది. వంచితే మెరుపు కదలదు, తేడా అక్కడ పట్టుకోవచ్చు.

చారల చెక్క బాగా పలుకుతుందన్నది గట్టిగా వినబడే వాదన. 1959 గిటార్లు బాగా పలుకుతాయి, వాటిలో చారలవి ప్రసిద్ధం, కాబట్టి చారలకు శబ్దంతో సంబంధం ఉందంటారు. కానీ ఆ ఏళ్లలోని బోడి పలకల గిటార్లకూ అవే పికప్‌లు, అదే నిర్మాణం, వాయించేవాళ్ల మెప్పూ అంతే. పైగా చెవి కంటిని ఎంత నమ్ముతుందో చూపే ఆధారం ఉంది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన పరీక్షలో, వీపు, పక్కల చెక్క మాత్రమే వేరైన ఆరు అకూస్టిక్ గిటార్లను చూపు ఆనకుండా చేసి 52 మంది చేత వాయింపజేశారు. ఖరీదైన చెక్కకూ చౌక చెక్కకూ వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుల్ల వాయిద్యంలోనే ఇలా ఉంటే, అయస్కాంతాలు తీగలను వినే గట్టి దిమ్మెలో చారల వంతు ఇంకెంత?

అందం కోసమే అయితే మాత్రం తప్పేముంది, ఇష్టమైనవాడు కొనుక్కుంటాడు అనవచ్చు. నిజమే, అందానికి ధర కట్టడంలో నేరం లేదు. కానీ ఆ ధర అడవిదాకా వెళ్లింది. వాషింగ్టన్ రాష్ట్రంలో దొంగలు పెద్దాకు మేపుల్ చెట్ల బెరడు ఒలిచి లోపల అలలు ఉన్నాయో లేదో చూస్తారు, ఉంటే నరుకుతారు. లేకపోతే ఒలిచిన చెట్టును అలాగే వదిలేస్తారు. 2018 ఆగస్టులో ఒలింపిక్ నేషనల్ ఫారెస్ట్‌లో అలాంటి ఒక చెట్టులో కందిరీగల గూడు అడ్డొస్తే పెట్రోలు పోసి అంటించారని, దాంతో మూడువేల ఎకరాలకు పైగా తగలబడిందని ప్రాసిక్యూషన్ వాదించింది. 2021 విచారణలో మిల్లుకు అమ్మిన చెక్క డీఎన్ఏనూ, అడవిలో మిగిలిన మొద్దుల డీఎన్ఏనూ పోల్చి చూపి దొంగతనం రుజువు చేశారు. మరో పక్క, మేలురకం గిటార్లు అమ్మే దుకాణాలు ఇప్పుడు మోడల్ బొమ్మతో సరిపెట్టకుండా ఒక్కో గిటార్‌నూ ముందూ వెనకా ఫోటో తీసి, సీరియల్ నంబరుతో సహా విడిగా చూపుతున్నాయి. ట్రిపుల్ ఎ, ఐస్డ్ టీ అన్న మాటలతోనే కొనేవాడికి తాను కొనేది తెలిసిపోయేదైతే ఈ శ్రమ అక్కర్లేదు.