ఇంగ్లీషు గులాబీ పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లండులో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళం మొదట కరివేపాకు మొక్కను కుండీలో పెట్టి, కిటికీ పక్కన పసిబిడ్డలా కాపాడుకుంటాం. ఆ తరువాతగాని పెరటివైపు దృష్టి మళ్ళదు. ఏం వెయ్యాలని ఎవరినడిగినా గులాబీ అనే చెబుతారు. నర్సరీకి వెళితే ‘ఇంగ్లీష్ రోజెస్’ అన్న బోర్డు కింద, వందరేకుల ముద్దపూలతో కొన్ని మొక్కలు విడిగా కనిపిస్తాయి. పేరు చూసి ఇవి ట్యూడరు రాజులనాటివని అనుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. నిజానికి ఈ తెగ వయస్సు డెబ్బయ్యేళ్ళు కూడా లేదు. ఇక అందులో ఇంగ్లీషుదనం ఎంత అన్నది విచారించదగిన విషయమే.

యూరపులో పూర్వంనుండి ఉన్న గులాబీలు గాలికా, డమాస్క్, ఆల్బా, సెంటిఫోలియా అనేవి. మన పెళ్ళిళ్ళలో బుడ్డితో చల్లే పన్నీరు ఈ డమాస్క్ రేకులనుండి తీసేదే. వీటి పరిమళం గొప్పది. కాని దాదాపు అన్నీ ఏడాదికి ఒక్కసారే, జూన్ ప్రాంతంలో పూస్తాయి. డమాస్కులలో ఒక రకానికి మాత్రం శరత్కాలంలో కాస్త రెండోపూత ఉంది. వేసవి దాటితే ఆ పాత తోటల్లో మిగిలేది ఆకులూ ముళ్ళూ.

ఏడాదిలో పలుమార్లు పూసే గుణం చైనానుండి వచ్చింది. 1790 దశకం మొదట్లో ఒక ఎర్ర గులాబీ, ఒక లేతగులాబీరంగుది, 1809లో ఒక తెలిగులాబీరంగుది, 1824లో ఒక పసుపుపచ్చది – ఈ నాలుగూ ఓడలమీద ఇంగ్లండు చేరాయి. చైనానుండి వచ్చే ఓడలు కలకత్తాలో ఆగేవి. అక్కడ 1787లో ఈస్టిండియా కంపెనీ పెట్టిన తోట ఇటువంటి మొక్కలకు మజిలీ. అందుచేత ఫ్రెంచివారు చైనా గులాబీని చాలాకాలం ‘బెంగాల్ గులాబీ’ అనే పిలిచారు.

ఆ కలకత్తా తోటకు 1793లో అధికారిగా వెళ్ళిన విలియం రాక్స్‌బర్గ్ మనకు బొత్తిగా పరాయివాడు కాడు. స్కాట్లండులో పుట్టిన ఈ వైద్యుడు అంతకుముందు పన్నెండేళ్ళు మన సామర్లకోటలో ఉండి, అక్కడ మొక్కలు పెంచి, కోరమాండల్ తీరపు చెట్టుచేమలను బొమ్మలు వేయించాడు. తన గ్రంథాలలో మొక్కలకు తెలుగు పేర్లుకూడా రాసిపెట్టాడు. రోగులను చూస్తూ మొక్కలను చూడడానికి ఆయనకు తీరిక ఎలా దొరికిందో! ఈ కాలపు ఆసుపత్రి డ్యూటీలలో ఉన్న మాబోటివాళ్ళకు అది అంతుపట్టదు.

చైనా మొక్క ఎందుకు విడవకుండా పూస్తుందో 2012లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పూతకు అడ్డుకట్ట వేసే జన్యువు ఒకటి గులాబీలో ఉంది. ఆ జన్యువులోకి ఎక్కడినుండో ఒక అదనపు డిఎన్ఏ ముక్క చొరబడడంతో అడ్డుకట్ట తెగిపోయింది. వైద్యులుగా జన్యుదోషం అంటే రోగమనే చదువుకున్నాం. ఇక్కడ ఆ దోషమే తోటకు సిరి అయింది.

ఈ గుణాన్ని పాతవాటితో కలిపి ఫ్రెంచివారు ఎన్నో సంకరాలు చేశారు. 1867లో వచ్చిన ‘లా ఫ్రాన్స్’తో హైబ్రిడ్ టీ తెగ మొదలయిందని లెక్క. మన కూజాలలో నిలబెట్టే పొడుగుమొగ్గ గులాబీ ఇదే. మొగ్గ సొగసుకోసం పోటీపడ్డ ఆ తరువాతివారు చాలా రకాలలో వాసన సంగతి మరిచిపోయారు. పొద నిండుదనం సరేసరి.

ఈ దశలో ష్రాప్‌షైర్ రైతుబిడ్డ డేవిడ్ ఆస్టిన్ (1926–2018) రంగంలోకి వచ్చాడు. ఆయనకు పాత గులాబీ ముద్దతనమూ, పరిమళమూ కావాలి. కొత్తదాని పూతకాలమూ కావాలి. బెల్జియంలో పుట్టిన ‘బెల్ ఐసిస్’ అనే గాలికాను ‘డెయింటీ మెయిడ్’తో సంకరపరచి, 1961లో ‘కాన్‌స్టన్స్ స్ప్రై’ని విడుదల చేశాడు. సోంపును తలపించే వాసన, పెద్ద పూలు. కాని ఏడాదికి ఒక్కసారే పూత. మళ్ళీ మళ్ళీ పూసే రకాలు రావడానికి 1969 దాకా పట్టింది. ఆ తరువాతకూడా జనం ఎగబడలేదు. 1983లో చెల్సీ ప్రదర్శనలో పసుపుపచ్చని ‘గ్రేహం థామస్’, ‘మేరీ రోజ్’ చూపించాకనే పేరు మారుమోగింది. ఆ ‘గ్రేహం థామస్’ వంశంలో 1958నాటి జర్మను గులాబీ ‘ఐస్‌బెర్గ్’ ఉంది. బెల్జియం, చైనా, జర్మనీ కలిసినదానికి ఇంగ్లీషు అని పేరుపెట్టడం వ్యాపారదక్షత. ఆ పేరు తప్పని మేము అనం; ముప్ఫైయేళ్ళ ఓపికతో చేసినవాడికి పేరుపెట్టే హక్కు ఉంది. అది అనాదిగా ఈ నేలదేనని చెబితేమాత్రం ఒప్పుకోం.

నల్లమచ్చ తెగులు గురించి ఒక మాట. 1952 డిసెంబరులో లండనును కమ్మిన పొగమంచుకు నాలుగువేలమంది చనిపోయారని తొలి అంచనా. దాని ఫలితంగా 1956లో స్వచ్ఛవాయు చట్టం వచ్చింది. బొగ్గుపొగ తగ్గి ఊపిరితిత్తులు తెరిపిన పడ్డాయిగాని, ఆ పొగలోని గంధకపు వాయువు ఇన్నాళ్ళూ అణచి ఉంచిన నల్లమచ్చ బూజు పట్టణాల గులాబీలపై విజృంభించింది. కనుక ఆకు మచ్చపడగానే మొక్కను పీకిపారెయ్యకండి. రాలిన ఆకులను ఏరి పారవేసి, గాలి ఆడేటట్టు కొమ్మలు పలచన చెయ్యండి. ఆస్టిన్ తొలి రకాలకు ఈ తెగులు ఎక్కువే. వాటిలో కొన్నింటిని ఆ సంస్థే పట్టికనుండి తీసివేసింది. కొనేటప్పుడు కొత్తవి చూసుకోవడం మేలు.

నవంబరు మొదలు మార్చిలోగా, మట్టి లేకుండా వేళ్ళతో అమ్మే మొక్క కొనండి. కుండీమొక్కకంటే చవక, రకాలూ ఎక్కువ. చూడడానికి ఎండుపుల్లలా ఉంటుంది, కంగారుపడవద్దు. రెండుగంటలు నీళ్ళలో నానబెట్టి, లోతుగా గొయ్యి తీసి, చివికిన పేడ ఎరువు కలిపి, అంటుకట్టిన ఉబ్బు నేలమట్టానికి కాస్త కిందుగా ఉండేటట్టు నాటాలి. పాత గులాబీ తీసిన గోతిలోనే కొత్తది పెడితే సరిగా ఎదగదు, మట్టి మార్చాలి. ఫిబ్రవరిలో మూడోవంతు కత్తిరిస్తే చాలు. పూలు చూసి ఎంచుకోదలచినవారు జూన్‌లో వుల్వర్‌హాంప్టన్ దగ్గరి ఆల్‌బ్రైటన్‌లో ఆస్టిన్ తోటకు వెళ్ళి, ఒక్కొక్కదాన్నీ వాసన చూసి పేరు రాసుకుని రండి.