వ్యాసర్పాడి నుండి విశ్వవిద్యాలయమునకు: కొన్ని మాటల చరిత్ర

ఉత్తర చెన్నపట్టణమున పెరంబూరునకు చేరువగా నున్న వ్యాసర్పాడి పేరులోనే ఒక గురువు పేరు ఇమిడియున్నది. వేదవ్యాసుడిచ్చట తపమాచరించెనని స్థానికుల విశ్వాసము. ఇచ్చటి రవీశ్వరాలయమునకు వచ్చు భక్తులు నేటికిని ఆ కథను చెప్పుకొందురు. వేదరాశిని విభజించి పైలుడు, వైశంపాయనుడు, జైమిని, సుమంతుడు అను నలుగురు శిష్యులకు ఒప్పగించినవాడు వ్యాసుడని మన పురాణములు తెలుపుచున్నవి. ఆ శిష్యపరంపరలలో ఏర్పడిన విభాగములకే శాఖలని పేరు. నేడు కళాశాలలో తెలుగు శాఖ, గణిత శాఖ అనునపుడు మనము పలుకుచున్నది ఆ పాత మాటయే.

మాట పాతదే, కాని దాని అర్థము తెలిసినవారు కొందరే. వ్యాసర్పాడిలోను, దాని చుట్టుప్రక్కలను స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెక్కింటి పెద్దలు మిల్లులను, రైల్వే కర్మాగారములను, కాయకష్టమును నమ్ముకొని జీవించినవారు. బిన్నీవారి బకింగ్‌హాము, కర్ణాటికు మిల్లులలో షిఫ్టు, బోనసు, లేఆఫు అను మాటలకు అర్థము వారికెవరును చెప్పనక్కరలేకుండెను, బ్రతుకే నేర్పినది. ఆ మిల్లులు 1996లో మూతపడినవి. వారి మనుమలు, మనుమరాండ్రు నేడు కళాశాల వాకిట దరఖాస్తు పత్రము చేతబట్టి నిలుచున్నపుడు మేజరు, అలైడు, పార్టు ఒకటి, కట్ ఆఫ్ అను మాటలు ఎదురగుచున్నవి. ఇంటిలో అడుగుదమన్న చెప్పగలవారు లేరు. తెలియని మాటకు ఎదురుగా తోచిన గుర్తు పెట్టివచ్చిన విద్యార్థి మూడేండ్లు ఆ గుర్తు ఫలమును అనుభవింపవలసి యుండును. కావున ఈ మాటలు ఎచ్చటినుండి వచ్చినవో, ఎట్లు మారినవో కొంత తెలిసికొందము.

మొదట విశ్వవిద్యాలయమన నేమి, కళాశాల యన నేమి? 1839లో చెన్నపట్టణ పౌరులు సుమారు 70,000 మంది సంతకములు చేసి, ఉన్నతవిద్యకు ఏర్పాటు కావలెనని గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువునకు విజ్ఞాపన పత్రము సమర్పించిరి. దానిని ముందుండి నడిపినవాడు అడ్వకేటు జనరలు జార్జి నార్టను. 1841లో ఒక హైస్కూలు ఏర్పడెను; అదియే పెరిగి ప్రెసిడెన్సీ కళాశాల యైనది. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా లేఖ ననుసరించి 1857 సెప్టెంబరు 5వ తేదీన మద్రాసు విశ్వవిద్యాలయము శాసనబద్ధముగా నెలకొన్నది. కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయములును ఆ యేటివే.

ఈ మూడింటికిని లండను విశ్వవిద్యాలయమే నమూనా. అనగా విశ్వవిద్యాలయము పాఠము చెప్పదు. పాఠ్యక్రమమును నిర్ణయించి, పరీక్ష జరిపి, పట్టము నిచ్చును. పాఠము చెప్పునది కళాశాల. ఆ కళాశాలకు విశ్వవిద్యాలయముతో గల సంబంధమునకే అనుబంధమని, అఫిలియేషనని పేరు. విశ్వవిద్యాలయము తానే శాఖలను నెలకొల్పి బోధనకు, పరిశోధనకు పూనుకొనుట 1904 శాసనము తరువాతి మాట. 1927లో ప్రాచ్య పరిశోధన సంస్థ ఏర్పడి, అందు తెలుగునకును స్థానము లభించినది. కోరాడ రామకృష్ణయ్యగారు, నిడుదవోలు వెంకటరావుగారు మద్రాసు విశ్వవిద్యాలయ తెలుగు శాఖకు కీర్తి తెచ్చిన పండితులు.

ఈ భేదము మనకు దగ్గర ఉదాహరణముచే స్పష్టమగును. వ్యాసర్పాడిలో 1973లో స్థాపింపబడిన డాక్టర్ అంబేద్కర్ ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనది. అచ్చట చదివినవారికి పట్టము నిచ్చునది విశ్వవిద్యాలయము. అంబేద్కరు పేరనే చెన్నపట్టణమున న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయమును కలదు. హైదరాబాదులో 1982లో స్థాపితమై, తరువాత ఆయన పేరు దాల్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయము వేరొకటి. అది ఇంటినుండియే చదువుకొనువారికై ఏర్పడినది. పేరొకటియైనను మూడును మూడు తీరులవి. ఆర్ట్స్ కళాశాల యనగా చిత్రకళ నేర్పు చోటని భ్రమింపరాదు. పూర్వము ఐరోపాలో వ్యాకరణము, తర్కము, గణితము మున్నగునవన్నియు ఆర్ట్స్ అనియే పిలువబడినవి. ఆ వాడుక ననుసరించియే విజ్ఞానశాస్త్రములు బోధించు కళాశాలకును ఆ పేరు నిలిచినది.

ఇక స్వయంప్రతిపత్తి గల కళాశాల, అనగా అటానమస్ కళాశాల యన్న మాట. 1978లో లయోలా, మద్రాసు క్రైస్తవ కళాశాలలు ఈ హోదాను పొందినవి. ఇట్టి కళాశాల పాఠ్యక్రమమును తానే రూపొందించుకొని, పరీక్షలను తానే జరుపుకొనును. పట్టము మాత్రము విశ్వవిద్యాలయముదే. దరఖాస్తు చేయుటకు ముందు ఈ సంగతి విచారించుట మేలు.

రెండవది, మెట్ల పేరులు. మెట్రిక్యులేషన్ అన్న మాటకు మూలము పట్టిక, నమోదు పుస్తకము అను అర్థము గల లాటిను పదము. విశ్వవిద్యాలయ పట్టికలో పేరు చేరుటయే మెట్రిక్యులేషన్. మన దేశమున అది ప్రవేశ పరీక్షకే పేరైనది. దాని తరువాత రెండేండ్లకు ఎఫ్.ఏ., ఆ పిమ్మట బి.ఏ. అనునది పాత క్రమము. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియెట్ వచ్చినది. 1950ల రెండవ భాగమున దాని స్థానమున ఒక్క యేడాది పి.యు.సి., దానిపై మూడేండ్ల పట్టవిద్య ఏర్పడినవి. 1978లో తమిళనాట పి.యు.సి. తొలగి, పాఠశాలలలోనే ప్లస్ టూ ప్రవేశించినది. ఆంధ్రదేశమున మాత్రము 1969 నుండి రెండేండ్ల ఇంటర్మీడియెట్ మరల వచ్చి, జూనియరు కళాశాలలలో నేటికిని సాగుచున్నది.

ఈ చరిత్ర తెలియకపోవుటచేత మన యిండ్లలో తమాషా సంభాషణలు జరుగుచుండును. నెల్లూరునుండి వచ్చిన మేనమామ, "ఏమమ్మా, ఇంటరు అయినదా?" అని యడుగును. పిల్ల, "లేదు మామయ్యా, ప్లస్ టూ వ్రాసినాను" అని బదులిచ్చును. తాతగారు, "మా కాలమున పి.యు.సి. యని యుండెడిది" అందురు. ముగ్గురును ఇంచుమించు ఒకే మెట్టును గురించియే మాటలాడుచున్నారు. తమిళనాట మెట్రిక్యులేషన్ స్కూలను పేరు కూడ ఆ పాత కాలపు శేషమే. ఆ పాఠశాలలొకప్పుడు విశ్వవిద్యాలయముల పరీక్షా విధానమునకు లోబడి యుండెడివి. ఆ సంబంధము తెగినను పేరు మిగిలినది.

మూడవది, పట్టముల పేరులు. పట్టా యనగానే మన పెద్దలకు ఇంటిస్థలపు పట్టా గుర్తునకు వచ్చును. దానికై ఎన్ని కచేరీలు తిరిగిరో వారికే తెలియును. చదువు పట్టా యట్టిదే కాని, ఎవరును ఖాళీ చేయింపలేనిది. డిగ్రీ, గ్రాడ్యుయేటు అను మాటలు రెండును మెట్టు అను అర్థము గల లాటిను పదమునుండి పుట్టినవి. ఆ మెట్లను తెలిసికొనుటకు మన కళాశాల ద్వారముపై నున్న పేరే చాలును. అంబేద్కరు 1907లో మెట్రిక్యులేషన్ ముగించి, 1912లో బొంబాయి విశ్వవిద్యాలయమున బి.ఏ. పట్టము నందెను. ఇది మొదటి మెట్టు. బరోడా సంస్థానాధీశుడొసగిన విద్యార్థి వేతనముతో 1913లో అమెరికాకు వెళ్లి, 1915లో కొలంబియా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పొందెను. ఇది స్నాతకోత్తర పట్టము. అటుపిమ్మట లండనులో 1921లో ఎం.ఎస్సి., 1923లో డి.ఎస్సి.; కొలంబియాలో 1927లో పి.హెచ్.డి. ఈ చివరి రెండును పరీక్ష వ్రాసి పొందునవి కావు; స్వయముగా పరిశోధించి సిద్ధాంత వ్యాసము సమర్పించి పొందునవి. 1952లో కొలంబియా, 1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయములు ఆయనకిచ్చినవి గౌరవ పట్టములు. అవి చదువునకు కాదు, చేసిన సేవకు గుర్తింపు. ఒక్కని జీవితమున పట్టముల నిఘంటువంతయు ఉన్నది.

పట్టప్రదానోత్సవమును మనము స్నాతకోత్సవ మందుము. గురుకులమున విద్య ముగించి మంగళస్నానము చేసినవాడు స్నాతకుడు. ఛాన్సలరునకు కులపతి యని, వైస్ ఛాన్సలరునకు ఉపకులపతి యని పేరులు పెట్టిన మనవారు మహాభారతమును మరువలేదు. నైమిశారణ్యమున సౌతి భారతకథ చెప్పునపుడు అచ్చటి శౌనకుడు కులపతి. పదివేల మందికి అన్నము పెట్టి విద్య చెప్పువాడే కులపతి యని సంప్రదాయార్థము. మద్రాసు విశ్వవిద్యాలయమున ఆరంభమునుండి గవర్నరు పదవిరీత్యా ఛాన్సలరు. 1925 నుండి 1928 వరకు వైస్ ఛాన్సలరుగా నున్న రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు మనవారే.

ఇపుడు మన కుటుంబములకు మిక్కిలి ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాను. మద్రాసు విశ్వవిద్యాలయపు బి.ఏ., బి.ఎస్సి. చదువులు భాగములుగా, అనగా పార్టులుగా విభజింపబడి యుండును. పార్టు ఒకటి భాష: తమిళము గాని, తెలుగు, హిందీ, సంస్కృతము వంటి వేరొక భాష గాని. పార్టు రెండు ఇంగ్లీషు. పార్టు మూడు ప్రధాన విషయము. దీనినే మేజరు, కోర్ అందురు. దానికి తోడుగా చదువునది అలైడు. చరిత్ర మేజరుగా గలవాడు దానికి తోడుగా రాజనీతిశాస్త్రమును అలైడుగా చదువవచ్చును. పార్టు నాలుగున, మొదటి పార్టులో తమిళము గాక వేరు భాషను గైకొన్నవారికి తమిళము ఏర్పాటు చేయబడినది: పాఠశాలలో తమిళము చదువనివారికి ప్రాథమిక స్థాయిది, చదివినవారికి ఉన్నత స్థాయిది. ఈ క్రమము 2008-2009 నాటి క్రెడిటు పద్ధతితో స్థిరపడినది. క్రెడిటనగా ఒక పాఠ్యాంశమునకు దాని బరువునుబట్టి ఇచ్చు విలువ.

2006 నాటి తమిళాభ్యసన చట్టము పిదప మన పిల్లలు పాఠశాలలో తమిళము తప్పక చదువుచున్నారు. రాష్ట్రభాష నేర్చుట మనకు మేలే. అందు సందేహము లేదు. కాని దానివలన కళాశాలలోను తెలుగు తమకిక లేదని పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. తెలుగు బోధించు కళాశాలయైనచో పార్టు ఒకటిలో తెలుగును కోరుకొనవచ్చును. ఆ కళాశాలలో తెలుగు అధ్యాపకులున్నారా యని దరఖాస్తుకు ముందే విచారింపవలెను. అడుగువారు లేనిచో తరగతి నిలువదు. తరగతి లేనిచో అధ్యాపకుడును నిలువడు. చిన్నయసూరి తెలుగు బోధించిన ప్రెసిడెన్సీ కళాశాల, వేదము వేంకటరాయశాస్త్రిగారు పండితులుగా నుండిన క్రైస్తవ కళాశాల ఈ నగరమునవే. ఆ పరంపర నిలుచుట దరఖాస్తు పత్రమున ఒక గడిలో పెట్టు గుర్తుపై కొంత ఆధారపడియున్నది.

మిగిలిన మాటలు క్లుప్తముగా. సెమిస్టరనగా ఆరు మాసములు, ఏడాదికి రెండు. తప్పిన పరీక్షను చెన్నపట్టణమున అరియరందురు, ఆంధ్రదేశమున బ్యాక్‌లాగందురు. అది చదువునకు ముగింపు కాదు, తీర్పవలసిన బాకీ. ప్రొవిజనల్ సర్టిఫికెటు స్నాతకోత్సవమునకు ముందిచ్చు తాత్కాలిక ధ్రువపత్రము. దానిని చూచి పట్టము వచ్చినదని తృప్తిపడి అసలు పట్టమును తీసికొనక విడువరాదు. కట్ ఆఫ్ అనగా ఇంజనీరింగు ప్రవేశమున గణితమునకు 100, భౌతిక, రసాయన శాస్త్రములకు చెరి 50 చొప్పున మొత్తము 200కు కట్టిన లెక్క. ఆ వరుస ప్రకారము పిలిచి కళాశాలను ఎంచుకొననిచ్చుటయే కౌన్సెలింగు.

కడపట ఒక మాట కలదు: ఫస్ట్ గ్రాడ్యుయేటు. కుటుంబమున అంతవరకు పట్టభద్రులెవరును లేనివారికి, వృత్తివిద్యలలో ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా ప్రవేశించినచో బోధనా రుసుములో రాయితీ నిచ్చు పద్ధతిని 2010లో తమిళనాడు ప్రభుత్వము ఏర్పరచినది. అందుకు రెవెన్యూ శాఖవారి ధ్రువపత్రము కావలెను. మా ఇంటిలో చదివినవారు లేరని చెప్పుకొనుటకు సిగ్గుపడు తల్లిదండ్రులను నేను చూచితిని. ఆ మాటయే ఈ పత్రమున హక్కుగా మారినదని వారికి చెప్పవలెను.

ఈ సంచిక నందుకొను గృహములలో కళాశాల చదివినవారు కొందరైన నుందురు. వేసవిలో ఫలితములు వెలువడిన వారమున, ప్రక్కయింటి పిల్లవాని దరఖాస్తును ఒకసారి అతనితో కూర్చుండి చదువుడు. వేదమును పంచి యిచ్చినవాని పేర వెలసిన ఊరిలో, తెలిసిన నాలుగు మాటలను పంచుట కష్టమైన పని కాదు.