వలపు

ఫిబ్రవరి 14ను మనం ‘ప్రేమికుల రోజు’ అంటున్నాం; 1999లో అదే పేరుతో తమిళం నుంచి అనువాద చిత్రమూ వచ్చింది. సాధువు వాలెంటైన్ పండుగకు ప్రేమను ముడిపెట్టిన తొలివారిలో 14వ శతాబ్దపు ఆంగ్లకవి చాసర్ ఒకడు. జపాన్‌లో ఆ రోజు ఆడపిల్లలు చాక్లెట్లిస్తే, మగపిల్లలు మార్చి 14న బదులిస్తారు. బ్రెజిల్‌లో ప్రేమికుల రోజు జూన్ 12న.

‘ప్రేమ’ సంస్కృతం. మన సొంత మాట ‘వలపు’, ‘వలచు’ నుంచి పుట్టింది. ఇష్టపడటమే కాదు, పరిమళించడమూ వలచడమే. పాత తెలుగులో సువాసనా వలపే. ఎంత చక్కని జోడింపు!

ఈ మాట ఒక సామెతలోనూ ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టపల్లెల్లో మేనరికాలు కొత్త కాదు. ‘వలచి వస్తే మేనమామ కూతురు వరస కాదన్నాడట’ అనే సామెత అక్కడ ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. వరసైన పిల్ల తానై ఇష్టపడి వస్తే, లేని అడ్డు చెప్పేవాణ్ణి ఎత్తిపొడవడం అది. ఆ సామెతలో బరువంతా ‘వలచి’ మీదే ఉంది. పాటలకే పరిమితమవుతున్న ‘వలపు’ అనే మాట మళ్లీ ఇళ్లలో వినపడాలని నా కోరిక.