ఎండాకాలం ఆఫీసు: ఏసీ ఒక్కటే సరిపోదు

ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆఫీసు ఉద్యోగం అంటే నీడపట్టున కూర్చునే పని కదా అని చాలామంది అనుకుంటారు. కానీ రేకుల కప్పు కింద నడిచే జిరాక్స్ సెంటరు, పై అంతస్తులోని అకౌంట్స్ గది, గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ కూడా ఆఫీసే. మేనేజరు గదిలో ఏసీ ఉన్నంత మాత్రాన ఆఫీసంతా చల్లగా ఉన్నట్టు కాదు. అందరికన్నా వేడి చోట కూర్చున్న మనిషికి ఎలా ఉందన్నదే అసలు లెక్క.

ఒంట్లో వేడి ఎలా తగ్గుతుంది?

చెమట ఆరినప్పుడు శరీరం చల్లబడుతుంది. గాలి ఆడకపోయినా, గాలిలో తేమ ఎక్కువైనా చెమట ఆరదు. మచిలీపట్నం లాంటి చోట్ల ఎండ కాస్త తక్కువున్నా ఉక్కపోత భరించలేకపోవడానికి కారణం ఇదే. కూలరు కూడా నీరు ఆవిరి కావడం మీదే పనిచేస్తుంది. కాబట్టి నిజామాబాద్, హైదరాబాద్ లాంటి పొడి ఎండల్లో బాగా చల్లబరుస్తుంది, కోస్తాలో అంతగా చల్లబరచదు. కూలరు ఉన్న గదిలో ఒక కిటికీ తెరిచే ఉంచాలి. మూసేస్తే తేమ లోపలే నిలిచిపోతుంది. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అప్పుడది వేడి గాలినే మీదికి తోస్తుంది.

కప్పు, కిటికీ

పై అంతస్తుకు వేడి ఎక్కువగా కప్పు నుంచే దిగుతుంది. వేసవికి ముందే డాబా మీద సున్నం గానీ, తెల్లని కూల్ రూఫ్ పెయింట్ గానీ వేయిస్తే ఎండ తిరిగి పైకే పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు దీన్ని తప్పనిసరి అంది. పడమటి కిటికీకి లోపల పరదా కన్నా బయట నీడ ముఖ్యం. ఎండ గాజు దాటి లోపలికి వచ్చాక వేడి గదిలోనే ఉండిపోతుంది. పాత కచేరీల్లో కట్టిన వట్టివేళ్ల తడికెలు, ఉర్దూలో ఖస్ కీ టట్టీ, నీళ్లు చల్లితే ఇప్పటికీ అంతే చల్లని గాలినిస్తాయి.

ఏసీ ఎంతలో పెట్టాలి?

2020 నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న కొత్త రూమ్ ఏసీలు 24 డిగ్రీల సెట్టింగుతోనే వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది. 26లో పెట్టి ఫ్యాన్ తిప్పితే చాలామందికి సరిపోతుంది. జపాన్ ప్రభుత్వం 2005లో ఆఫీసుల్లో 28 డిగ్రీలు పాటించమని, టై, కోటు వదిలేయమని పిలుపునిచ్చింది. మనకీ ఎండాకాలంలో టై, బూట్ల నిబంధన సడలించడానికి పైసా ఖర్చు కాదు.

నీళ్లు, నమాజు

దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతుండాలి. శుభ్రమైన బాత్రూమ్ లేనిచోట మహిళలు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. అందుకే అది కూడా వేసవి ఏర్పాట్లలో భాగమే. బుర్ఖా పలుచని కాటన్‌ది, లేత రంగుదైతే హాయిగా ఉంటుంది.

ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి. వుజూ కోసం పొద్దున్నే బకెట్లు నింపి నీడలో పెట్టుకోవచ్చు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్ నమాజును కాస్త చల్లబడేదాకా ఆగి చేయమని దైవప్రవక్త (స) సూచించినట్లు హదీసుల్లో ఉంది. ఆఫీసులో జమాఅత్ వేళ పెట్టేటప్పుడు దీన్ని గుర్తుంచుకోవచ్చు. జుమా నుంచి ఎండలో నడిచి వచ్చినవారికి పది నిమిషాలు సేదదీరే వీలివ్వాలి. ఎండల్లో ఖజా రోజాలు ఉండేవారికి బయటి పనులు ఉదయమే అప్పగించడం మంచిది.

ప్రమాదం గుర్తించండి

తల తిరగడం, వికారం, విపరీతమైన చెమట, నీరసం కనిపిస్తే చల్లని చోట పడుకోబెట్టి ఓఆర్ఎస్ ఇవ్వాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. ప్రాణానికే ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగా ఒంటి మీద నీళ్లు చల్లుతూ గాలి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

గేటు దగ్గరి మనిషి

వాచ్‌మన్, ఆఫీస్ బాయ్, పార్సిల్ తెచ్చే కుర్రాడు ఏసీ ఎంతలో పెట్టాలని ఎవరినీ అడగలేరు. వాళ్లకు గొడుగు నీడ, చిన్న ఫ్యాన్, మూత ఉన్న మంచినీళ్ల కుండ ఏర్పాటు చేయడం యాజమాన్యం బాధ్యత. దాహం తీర్చడాన్ని ఇస్లాం గొప్ప సదఖాగా చెబుతుంది. ఆ కుండ రోజూ కడిగి నింపే పని ఎవరిదో ఎండలు ముదరకముందే తేల్చుకోవాలి.