భారత సైనిక వైమానిక సిబ్బంది దినచర్య

సైనిక విమానాలు, హెలికాప్టర్లు నడిపే పైలట్లను, వాటిలో ఎగురుతూ పనిచేసే నావిగేటర్లు, లోడ్‌మాస్టర్లు తదితరులను కలిపి వైమానిక సిబ్బంది అంటారు. వీరి రోజు ఎలా గడుస్తుందన్నది హోదాకన్నా ఎక్కే విమానాన్ని బట్టే ఉంటుంది.

ఏ స్క్వాడ్రన్‌లోనైనా పొద్దున్నే వాతావరణ బ్రీఫింగ్ ఉంటుంది. మబ్బులు, గాలి, పక్షుల బెడద, దారి మళ్లాల్సి వస్తే ఎక్కడ దిగాలన్నదీ అక్కడే తేలుతుంది. ఎగిరేముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి చూసుకుని, సాంకేతిక సిబ్బంది రాసిన రికార్డులో సంతకం పెట్టాలి. అక్కడి నుంచి బాధ్యత పైలట్‌దే.

యుద్ధవిమానంలో శిక్షణ సార్టీ, అంటే ఒక విడత ఎగరడం, చాలాసార్లు గంటకు అటూఇటుగా ముగుస్తుంది. దాని చుట్టూ ఉండే పనే ఎక్కువ. రెండు సీట్ల సుఖోయ్-30ఎంకేఐలో వెనక కూర్చునే అధికారి ఆయుధాలు, సెన్సర్లు చూసుకుంటాడు. మలుపుల్లో 9జి దాకా, అంటే మామూలు బరువుకు తొమ్మిది రెట్ల దాకా భారం పడితే 70 కిలోల మనిషి 630 కిలోలున్నట్టే. జి-సూట్ కాళ్లనూ పొట్టనూ నొక్కిపట్టినా, కండరాలు బిగించి ఊపిరి ఆపి ఆపి వదలకపోతే స్పృహ తప్పవచ్చు. దిగాక డీబ్రీఫింగ్‌లో రికార్డింగులు పెట్టి తప్పొప్పులు తవ్వుతారు. అక్కడ హోదా చూసి తప్పును దాటవేయడం కుదరదు.

రవాణా విమానాల వారికి చిన్న సంచీ ఎప్పుడూ సర్ది ఉండాల్సిందే, రాత్రి ఏ ఊళ్లో పడుకోవాలో చెప్పలేరు. ఏఎన్-32లో నావిగేటర్ కూడా ఉంటాడు. 2013లో వచ్చిన భారీ సి-17ను మాత్రం ఇద్దరు పైలట్లు, ఒక లోడ్‌మాస్టర్ నడిపించేయగలరు. బరువు ఎక్కడ పెట్టాలి, గొలుసులు ఎలా బిగించాలి అన్నది లోడ్‌మాస్టర్ లెక్క. ఆ లెక్క తప్పితే విమానం తూకమే తప్పుతుంది.

అరక్కోణం నుంచి ఎగిరే నౌకాదళ నిఘా విమానం పి-8ఐలో పని ఆఫీసును తలపిస్తుంది. వరుసగా తెరలు, వాటి ముందు ఆపరేటర్లు. నీటిలోని చప్పుళ్లను పట్టేందుకు సముద్రంలోకి జారవిడిచిన సోనోబోయ్‌లు పంపే శబ్దాల్లో జలాంతర్గామి జాడ కోసం గంటల తరబడి వెతుకుతారు. విసుగును ఓర్చుకోవడమూ ఇక్కడ ఒక నైపుణ్యమే.

సియాచిన్‌లో చీతా హెలికాప్టర్ పైలట్లది మరో లోకం. గాలి పలచన కాబట్టి మోయగలిగేది కొద్ది కిలోలే. ఎండ ఎక్కితే అదీ తగ్గుతుంది, గాలులు లేస్తాయి. అందుకే తెల్లవారుజామునే బయల్దేరతారు. సైనిక పోస్టు దగ్గర దిగినా ఇంజన్ ఆపరు. ఆపితే మళ్లీ రాజుకుంటుందన్న నమ్మకం లేదు. కిరోసిన్ డబ్బానో ఉత్తరాల కట్టనో దించి, జబ్బుపడ్డ జవాను ఉంటే ఎక్కించుకుని, క్షణాల్లో లేస్తారు.

ఇలాంటి దినచర్యలోకి అడుగుపెట్టే ముందు వాయుసేన పైలట్లకు తొలి శిక్షణ హైదరాబాద్ శివారు దుండిగల్‌లోని వాయుసేన అకాడమీలో పీసీ-7 విమానంపై జరుగుతుంది. దేశపు తొలి ముగ్గురు మహిళా యుద్ధవిమాన పైలట్లు 2016 జూన్‌లో అక్కడే అధికారులయ్యారు.